గాంధీజీ, గోరా: ఒక ఆస్తికునికీ ఒక నాస్తికునికీ నడిచిన సంభాషణ

నాస్తికుడు అనగానే నీతి నియమాలు లేనివాడనే తలంపు మన సంఘాలలో బలంగా ఉన్నది. కీర్తన 14:1ని ఆ అర్థంతో ప్రసంగించిన వారిలో నేనూ ఉన్నాను. ప్రజలను ఆహారంలా మింగేవారిని గూర్చి అదే కీర్తన నాలుగవ వచనం చెప్పే మాటను మాత్రం దాటిపోతుంటాము.

1891లో లండనులో చదువుకొంటున్న గాంధీ, ప్రసిద్ధ నాస్తికుడు చార్లెస్ బ్రాడ్లా భూస్థాపనకు వెళ్లారు. తిరుగు ప్రయాణంలో రైల్వే స్టేషనులో ఒక నాస్తికుడు ఒక పాదిరిగారిని పట్టుకొని, మీ దేవుని కొలత ఎంత, ఆయన ఉండే చోటెక్కడ అని నిలదీశాడు. మనిద్దరి హృదయాలలోనే అని పాదిరిగారు మెల్లగా జవాబిచ్చి ఊరకున్నారు. దానితో నాస్తికత్వంపై తన విముఖత మరింత పెరిగిందని గాంధీ ఆత్మకథలో వ్రాశారు. ఒకని దురుసుతనం ఒక సిద్ధాంతమంతటికీ ముద్ర అయింది.

గోరాగా పేరొందిన గోపరాజు రామచంద్రరావు (1902–1975) వృక్షశాస్త్ర అధ్యాపకులు. నాస్తిక భావాల మూలంగా 1933లో కాకినాడలో ఉద్యోగం పోగొట్టుకొన్నారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించి, అస్పృశ్యతా నిర్మూలనకు పనిచేశారు. కలుసుకోవాలని 1941లో గాంధీకి వ్రాస్తే, నాస్తికత్వం ఆత్మను నిరాకరించడమేననీ, మాట్లాడే తీరిక లేదనీ జవాబు వచ్చింది.

1944 నవంబరులో సేవాగ్రాంలో కలిసినప్పుడు, దేవుడు లేనివానితో ఏమి మాట్లాడాలి అని గాంధీ నవ్వుతూనే అడిగారు. తాను దేవుడు లేనివాడను కాననీ, నాస్తికుడననీ గోరా సరిదిద్దారు. ఎదుటివాడు తనకు తాను పెట్టుకొన్న పేరును మన్నించడం దగ్గరే సంభాషణ మొదలైంది. బెంగాలు కరవులో తినుబండారాల అంగళ్ల ముందే జనం చనిపోవడానికి విధిపై నమ్మకమే కారణమని గోరా వాదించారు. దీనితో మనం ఏకీభవించనక్కరలేదు. కాని దైవసంకల్పమని చెప్పి పేదవానిని ఓర్చుకొమ్మనే ప్రసంగాలు మనవే కదా! గాంధీ మాత్రం తన ఆస్తికత్వం ఒప్పనీ, గోరా నాస్తికత్వం తప్పనీ తాను చెప్పలేనన్నారు. అట్లని ఆయన ప్రార్థన మానలేదు, గోరా ప్రార్థన మొదలుపెట్టలేదు.

దేవుడే సత్యమనే మాటకన్న సత్యమే దేవుడనడం మేలని గాంధీ 1931లోనే స్విట్జర్లాండులో వివరించారు. గోరా తన పెద్ద కుమార్తెను హరిజన యువకునికిచ్చి పెండ్లి చేయ నిశ్చయించినప్పుడు ఆ మాట ఆచరణకు వచ్చింది. వివాహం సేవాగ్రాంలో జరిపేందుకు గాంధీ సమ్మతించి, ప్రమాణంలో దేవుని పేరుకు బదులు సత్యమనే మాట ఉంచేందుకు ఒప్పుకొన్నారు. 1948 జనవరి 30న ఆయన హత్యకు గురయ్యారు. మార్చి 13న సేవాగ్రాంలోనే ఆ పెండ్లి జరిగింది.