హంస్లీ హడ్డీ: విరిగిన ఎముక వెనక పెద్ద తవారీఖ్

హంస్లీ అంటే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు చెప్పనక్కర్లేదు. మెడ చుట్టూ గట్టిగా నిలబడే వెండి కంటె. ఆ నగ ఆనే చోట, మెడ కింద అటొకటి ఇటొకటి అడ్డంగా ఉండే రెండు ఎముకల్ని ఉర్దూలో 'హంస్లీ కీ హడ్డీ' అంటాం. అరబ్బీలో 'తర్ఖువా'. సూరా అల్ ఖియామాలో మౌత్ ఘడియ గురించి చెప్పే చోట దీని బహువచనం 'తరాఖీ' వస్తుంది. అంటే అర్థం తెలియకపోయినా తిలావత్‌లో ఈ మాట మన చెవిన పడుతూనే ఉంది. దవాఖానాలో డాక్టర్ మాత్రం 'కాలర్ బోన్ ఫ్రాక్చర్' అంటాడు. అమ్మీ ఏడుస్తుంది, చచ్చా 'పహిల్వాన్ దగ్గరికి పోదాం' అంటాడు, పిల్లలు ఫోన్‌లో వెతకడం మొదలుపెడతారు. ఇంట్లో బహస్ మొదలవుతుంది.

ఆ బహస్ కొత్తదేం కాదు. దాని వయసు మూడున్నర వేల ఏళ్ళ పైమాటే.

ముందు ఎముక సంగతి. చేతిని మొండేనికి కలిపే ఎముక ఇదొక్కటే. తల్లి కడుపులో అన్నిటికంటే ముందు గట్టిపడటం మొదలుపెట్టేది ఇదే. దాని లోపలి కొస పూర్తిగా కలిసిపోవడానికి మాత్రం పాతికేళ్ళ దాకా పడుతుంది. బండి మీంచి పడి భుజం నేలకు తగిలితే ఆ విసురంతా దీనిమీదికే వస్తుంది. పదింట దాదాపు ఎనిమిది సార్లు మధ్య భాగంలోనే విరుగుతుంది. కష్టమైన కాన్పులో అప్పుడే పుట్టిన బిడ్డకు కూడా విరగొచ్చు, కొద్ది వారాల్లో అతికిపోతుంది కూడా.

దీని ఇలాజ్ గురించి మనకు దొరికిన పాత రాతల్లో ఒకటి మిస్ర్‌ది. ఎడ్విన్ స్మిత్ అనే అమెరికన్ 1862లో లక్సర్‌లో ఒక పాపిరస్ చుట్ట కొన్నాడు. క్రీస్తుపూర్వం 1600 ప్రాంతంలో రాసిన ప్రతి అది. 1930లో జేమ్స్ హెన్రీ బ్రెస్టెడ్ తర్జుమాతో అచ్చయింది. అందులో 48 కేసులున్నాయి. 35వ కేసు హంస్లీ విరిగిన మనిషిది. వెల్లకిలా పడుకోబెట్టి, రెండు రెక్కల మధ్య ఏదైనా మడత పెట్టి, భుజాలు వెనక్కి చాచి ఎముకను సర్దాలి. గుడ్డతో బద్దలు కట్టాలి, తర్వాత రోజూ తేనె రాయాలి. ఆ తబీబ్ దీన్ని నయం చేయగల దెబ్బల్లోనే లెక్కేశాడు.

యునాన్‌లో బుఖ్రాత్, అంటే హిపోక్రటీస్, పేరిట ఉన్న కీళ్ళ కితాబు ఇంకొంచెం గడుసుగా మాట్లాడుతుంది. విరిగిన కొత్తలో రోగి హడలిపోతాడట, వైద్యుడూ శ్రద్ధగా కట్టు కడతాడట. నాలుగు రోజులు పోయాక నొప్పి తగ్గుతుంది, తిండికీ నడకకీ అడ్డం ఉండదు, రోగి నిర్లక్ష్యం చేస్తాడు. ఎముకను అందంగా కుదర్చలేకపోయిన వైద్యుడు మెల్లగా తప్పుకుంటాడు. ఈలోపు ఎముక దానంతటదే అతుక్కుంటుంది! మన దేశంలో సుశ్రుతుడు కట్టు గురించి చెప్పిన మాట ఈనాటికీ చెల్లుతుంది: వదులైతే ఎముక నిలవదు, బిగిస్తే వాపు, నొప్పి.

ఇక మన అల్ జహ్రావీ. ఖుర్తుబా పక్కన మదీనతుజ్ జహ్రాలో 936 ప్రాంతంలో పుట్టాడు. ఆయన రాసిన 'కితాబుత్ తస్రీఫ్'లో 30 మఖాలాలున్నాయి. చివరిది జర్రాహీ, అంటే శస్త్రచికిత్స. అందులో ఒక భాగమంతా ఎముకలు విరగడం, కీళ్ళు తప్పడం గురించే. హంస్లీకి విడిగా ఒక ఫస్ల్ ఉంది. 12వ శతాబ్దంలో జెరార్డ్ దీన్ని తొలేడోలో లాటిన్‌లోకి మార్చాక యూరప్ వందల ఏళ్ళు ఈ కితాబు చదువుకుంది. ఆ భాగం మొదట్లోనే ఆయన శాగిర్దుల్ని బిడ్డల్లాగా పిలిచి ఒక బాధ చెప్పుకుంటాడు: పాతవాళ్ళ కితాబు ఒక్కటి తెరిచి చూడనివాళ్ళు కూడా ఎముకల ఇలాజ్ మాకే తెలుసంటున్నారు, అందుకే ఈ ఫన్ పాడైపోయిందని. వెయ్యేళ్ళ కిందటి షికాయత్ అది.

ఎముక అతికించడాన్ని అరబ్బీలో 'జబ్ర్' అంటారు. విరిగినదాన్ని తిరిగి నిలబెట్టడం. అల్ ఖ్వారిజ్మీ లెక్కల పద్ధతికి అదే మాట వాడుకున్నాడు. అలా వచ్చిందే మేం ఉర్దూ మీడియం బడిలో చదివిన 'అల్ జబ్రా', తెలుగు బడిలో బీజగణితం. స్పెయిన్‌లో 'అల్జెబ్రిస్తా' అంటే ఎముకలు అతికించేవాడు. 1615లో వచ్చిన 'డాన్ కిహోటే' రెండో భాగంలో అలాంటివాడొకడు కనిపిస్తాడు. మన ఫిఖ్ కితాబుల్లో 'జబీరా మీద మసహ్' అనే మస్‌అలా ఉంది కదా, ఆ జబీరా అంటే ఈ కట్టే. మజ్బూర్ అనే మాటదీ అదే ఖాందాన్.

దానంతటదే అతికే ఎముక కదా, మరి భయం దేనికి? దానికి ఇద్దరు పెద్దమనుషుల కథ చాలు. ఇంగ్లండ్ రాజు మూడో విలియం 1702 ఫిబ్రవరిలో గుర్రం మీంచి పడ్డాడు. గుర్రం కాలు చుంచెలుక తవ్విన మట్టికుప్ప దగ్గర తడబడిందంటారు. హంస్లీ విరిగింది, కట్టు కట్టారు, ఆయన ఆగకుండా అదే రోజు బగ్గీలో కెన్సింగ్టన్‌కు ప్రయాణమయ్యాడు. తర్వాత జ్వరం, ఊపిరితిత్తుల జబ్బు. మార్చి 8న కన్నుమూశాడు. 1850 జూన్ 29న ఇంగ్లండ్ మాజీ ప్రధాని రాబర్ట్ పీల్ లండన్‌లో గుర్రం మీంచి పడ్డాడు, గుర్రం ఆయన మీద పడింది. నొప్పికి ఎవర్నీ సరిగా ముట్టుకోనివ్వలేదు. జులై 2న పోయాడు. విరిగిన ఎముక కిందుండే పెద్ద రక్తనాళం తెగిందని వైద్యులు భావిస్తారు.

హంస్లీ కింద ఉన్నది అదే. చేతికి రక్తం తీసుకెళ్ళే నాళాలు, చేతి నరాల కట్ట, ఆ పక్కనే ఊపిరితిత్తి కొన. అల్ జహ్రావీకి ఈ సంగతి తెలుసు. విరిగిన ముక్క గుచ్చుకుంటుంటే కోసి తీయమన్నాడు, కానీ కింది పొరకు దెబ్బ తగలకుండా పనిముట్టు అడ్డం పెట్టమన్నాడు. అందుకే ఈ చోట మాలిష్ చేయడం, ఎముకను పట్టి లాగడం ప్రమాదం.

ఇలా అన్నానని పహిల్వాన్లనో, ఉమ్మడి చిత్తూరు జిల్లా పుత్తూరు కట్టునో కించపరుస్తున్నానని అనుకోకండి. గుడ్డు తెల్లసొన, వెదురుబద్దలు, గుడ్డతో కట్టే ఆ కట్టు మీద జనానికి ఊరికే భరోసా కుదరలేదు. కదలకుండా ఉంచి సబర్ చేయిస్తే చాలా ఎముకలు అతుకుతాయి. కాకపోతే చర్మం కింద ఏముందో చెయ్యి చెప్పలేదు. 1895లో రాంట్‌జెన్ కనిపెట్టిన ఎక్స్‌రే చెబుతుంది. కితాబు చదవకుండా ఇలాజ్ చేయొద్దన్న అల్ జహ్రావీ, ఈరోజు ఉంటే ఎక్స్‌రే లేకుండా ముట్టుకోనిస్తాడా?

డాక్టర్లలోనూ బహస్ ఆగలేదు. 1960లో నీర్ అనే అమెరికన్ సర్జన్, ఆపరేషన్ లేకుండా చూసిన 2,235 కేసుల్లో మూడే అతకలేదని రాశాడు. 2007లో కెనడా సర్జన్లు, ముక్కలు బాగా పక్కకు జరిగిన కేసుల్ని మాత్రమే తీసుకుని చూశారు. ఆపరేషన్ చేయని 49 మందిలో ఏడుగురికి అతకలేదు, ప్లేటు వేసిన 62 మందిలో ఇద్దరికి. అంటే అందరికీ ప్లేటు అక్కర్లేదు, అందరికీ వద్దనీ కాదు. ఏ తరహా విరుగుడో చూసి తేల్చుకోవాలి. వీపు మీద ఎనిమిది అంకెలా వేసే కట్టు కంటే మామూలు జోలెతో ఇబ్బంది తక్కువ, అతకడంలో తేడా లేదని 1987లో డెన్మార్క్ వైద్యులు తేల్చారు.

ఇంట్లో ఎవరికైనా ఇలా అయితే గుర్తుంచుకోవాల్సినవి కొన్నే. పిల్లలకు మూడు నుంచి ఆరు వారాలు, పెద్దలకు ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. జోలెలో చెయ్యి ఉన్నా వేళ్ళు, మణికట్టు మొదటి రోజు నుంచే ఆడించాలి. మోచెయ్యి, భుజం ఎప్పుడు కదిలించాలో డాక్టర్‌ను అడిగి మొదలుపెట్టాలి, లేకపోతే పట్టేస్తాయి. అతికిందని డాక్టర్ చెప్పేదాకా బరువు ఎత్తకూడదు. బీడీ, సిగరెట్ మానాలి, అవి అతుకును ఆలస్యం చేస్తాయి. అతికిన చోట చిన్న బుడిపె మిగిలితే కంగారుపడొద్దు. పిల్లల్లో అది కాలంతో సర్దుకుంటుంది.

చెయ్యి తిమ్మిరెక్కినా, చల్లబడినా, పాలిపోయినా, ఊపిరి ఆడకపోయినా, ఎముక మొన చర్మాన్ని పైకి పొడుస్తున్నా, బయటికొచ్చినా మాత్రం ఏ బహసూ వద్దు. అదే ఘడియలో దవాఖానాకు తీసుకెళ్ళండి. చచ్చాకు తర్వాత నచ్చజెప్పుకోవచ్చు.