బుదే జిగే: సైన్యం క్యాంపు పక్కన పుట్టిన పులుసు

పోయిన శుక్రవారం మా రూమ్‌లో కొరియా వాళ్ళ బుదే జిగే వండిన. ఎపిసోడ్‌లో టైమ్ చాలక రెండు ముక్కల్లో తేల్చేసిన కథ ఇది. ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నా.

కొరియా భాషలో బుదే అంటే సైనిక దళం, జిగే అంటే చిక్కటి పులుసు. 1950లో మొదలైన యుద్ధం 1953లో ఆగేసరికి ఆ దేశంలో తిండి లేదు. సియోల్‌కు ఉత్తరాన ఉయిజంగ్‌బు ఊరి చుట్టూ అమెరికా సైన్యం క్యాంపులుండేవి. ఆ మెస్సుల్లో మిగిలిందంతా ఒక గిన్నెలో పోసి, మరిగించి అమ్మేవాళ్ళు. దాని పేరు కుల్‌కురి జుక్, అంటే పంది కుడితి లాంటి జావ. అందులో సిగరెట్ పీకలు కూడా వచ్చేవట. అయినా జనం లైన్ కట్టి కొనుక్కున్నరు.

తర్వాత క్యాంపుల నుంచి డబ్బా మాంసం, సాసేజీలు చాటుగా బయటికొచ్చేవి. అట్ల అమ్మడం చట్టప్రకారం నేరం. ఆ మాంసానికి కిమ్చి, గోచుజాంగ్ అనే మిరప ముద్ద, వెల్లుల్లి కలిపి తమ నాలుకకు తగ్గట్టు చేసుకున్నరు. 1963లో కొరియాలో ఇన్‌స్టంట్ నూడుల్స్ తయారీ మొదలయ్యాక అవి కూడా ఇదే గిన్నెలోకి చేరినయ్. 1966లో అమెరికా ప్రెసిడెంట్ జాన్సన్ కొరియా వచ్చిపోయాక, సియోల్‌లో దీన్ని జాన్సన్ టాంగ్ అని కూడా పిలిచిన్రు. ఇప్పుడు ఉయిజంగ్‌బులో ఈ పులుసు హోటళ్ళకే ఒక వీధి ఉంది. ఆ డబ్బా మాంసాన్ని పండగకు గిఫ్ట్ బాక్సుల్లో పెట్టి ఇచ్చుకుంటరు!

నాకు ఈ వంట చెప్పింది మా సైట్‌లో పనిచేసిన ఒక కొరియా ఇంజినీర్ సార్. మేముండేది జుబైల్. 1976లో ఇక్కడి రేవు కాంట్రాక్టు హ్యుందాయ్‌కి వచ్చింది, 90 కోట్ల డాలర్లకు పైనే. ఇనుప జాకెట్లను ఉల్సాన్‌లో తయారుచేసి, బార్జీల మీద అంత సముద్రం దాటించి తెచ్చిన్రు. నలభై ఫీట్ల ట్రెయిలర్ గేటు దాటించడానికే మనకు సగం రోజు పడుతది! ఆ రోజుల్లో గల్ఫ్‌కు వచ్చిన కొరియా కూలీల్లో సార్ వాళ్ళ నాయిన ఒకరు. మన లెక్కనే ఇంటికి పైసలు పంపిండు, పిల్లలను ఫోటోల్లోనే చూసుకుండు. సార్ వాళ్ళ నానమ్మ మాత్రం ఈ పులుసు చచ్చేదాకా ముట్టలేదట. "వాసనకే ఆమెకు ఆ లైన్ యాదికొచ్చేది" అన్నడు.

ఆ మాట నన్ను పట్టుకుంది. 2004లో నేను ఇటు వచ్చిన కొత్తల్లో ఐదు నెలలు జీతం రాలేదు. పక్క క్యాంపు మెస్సులో మిగిలిన అన్నం, పప్పు రాత్రి పది దాటినంక బకెట్‌లో తెచ్చుకునేటోళ్ళం. ఇంటికి ఫోన్ చేస్తే "చికెన్ తిన్న" అని చెప్పేటోణ్ణి. ఇన్నేండ్లూ ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

సరే, వంట. ఇక్కడ పంది మాంసం దొరకదు కాబట్టి చికెన్ లంచన్ మీట్ డబ్బా, చికెన్ సాసేజీలు తీసుకోండి. వెడల్పు గిన్నెలో ముక్కలు, ఉల్లిగడ్డ, బాగా పులిసిన కిమ్చి, రెండు చెంచాల బేక్డ్ బీన్స్ పక్కపక్కన పేర్చాలి. నడుమ ఒక చెంచా గోచుజాంగ్, అంతే కారంపొడి, దంచిన వెల్లుల్లి వేసి, మునిగేదాకా నీళ్ళు పోసి పది నిమిషాలు ఉడికించాలి. ఆఖర్న నూడుల్స్, పైన ఒక చీజ్ ముక్క. ఉప్పు చూడకుండా వెయ్యకండి, డబ్బాలోనే బోలెడుంటది. గోచుజాంగ్ లేకుంటే పచ్చడి కారం వేస్తే రుచి వేరే అయితది, నేను చూసిన.

రూమ్‌లో చిన్నోడొకడు గిన్నె చూసి "మిగిలినవన్నీ కలిపినవా అన్నా?" అన్నడు. అప్పుడు వాళ్ళకు బకెట్ సంగతి మొదటిసారి చెప్పిన. ఎవరూ ఏం మాట్లాడలే. వాడే లేచి ఇంకో రెండు ప్యాకెట్ల నూడుల్స్ తెచ్చి గిన్నెలో వేసిండు.