కామారెడ్డి, ఎల్లారెడ్డి జలాశయాలలో మంచినీటి రొయ్యలు: వైవిధ్యం, జీవన విధానం, పరిణామం

కామారెడ్డి జిల్లాలో సేద్యానికి నీరందించే జలాశయాలు, చెరువులు మత్స్యకార కుటుంబాలకు కూడా జీవనాధారంగా ఉన్నాయి. మంజీరా నదిపై 1923-31 మధ్య నిర్మించిన నిజాంసాగర్, ఎల్లారెడ్డి ప్రాంతంలోని నాగిరెడ్డిపేట మండలంలో 1916-22 మధ్య నిర్మించిన పోచారం, జుక్కల్ మండలంలోని కౌలాస్‌నాలా వీటిలో ముఖ్యమైనవి. చెరువుల పునరుద్ధరణకు ఉద్దేశించిన మిషన్ కాకతీయ కార్యక్రమం 2015 మార్చి 12న ఈ ప్రాంతంలోని సదాశివనగర్‌లోనే ప్రారంభమైంది. ఇటువంటి నీటి వనరులలో చేపలతో పాటు మంచినీటి రొయ్యకు కూడా చోటు కల్పించినట్లయితే మత్స్యకారులకు అదనపు ఆదాయం లభిస్తుంది. అయితే ఈ జీవి స్వభావం తెలిసినప్పుడే ఆ ప్రయోజనం చేకూరుతుంది.

వైవిధ్యం

2008లో వెలువడిన ఒక శాస్త్రీయ అంచనా ప్రకారం ప్రపంచంలో మంచినీటి రొయ్యలు సుమారు 655 జాతులు ఉన్నాయి. ఇవి చేరిన కారిడియా వర్గంలోని మొత్తం జాతులలో ఇది దాదాపు నాల్గవ వంతు. భారతదేశంతో కూడిన దక్షిణ, ఆగ్నేయాసియా ప్రాంతంలోనే వీటి వైవిధ్యం అత్యధికం.

మన నీటి వనరులకు సంబంధించినంత వరకు రెండు కుటుంబాలు ముఖ్యమైనవి. మొదటిది అటిడే. ఈ కుటుంబానికి చెందిన కారిడినా వంటి చిన్న రొయ్యలు నీటి మొక్కలను, రాళ్లను అంటిపెట్టుకొని నాచును, కుళ్లిన ఆకుల పొడిని కుచ్చుల వంటి కాళ్లతో ఏరుకొని తింటాయి. ఇవి నీటిని శుభ్రపరచడమే గాక చేపలకు ఆహారమవుతాయి. రెండవది పాలిమోనిడే. మార్కెట్‌లో విలువ గల మాక్రోబ్రాకియం ప్రజాతి ఇందులోనిదే. నీలకంఠ రొయ్యగా మన రైతులు పిలిచే మాక్రోబ్రాకియం రోజెన్‌బెర్గీ, గోదావరి రొయ్యగా పేరొందిన మాక్రోబ్రాకియం మాల్కమ్‌సోనీ ఈ ప్రజాతికి చెందినవి. నీలకంఠ రొయ్యలో మగది సుమారు 30 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది.

సముద్రపు రొయ్యల నుండి వీటిని గుర్తించడం సులభం. టైగర్, వనామి రొయ్యలు గుడ్లను నీటిలోనికి విడిచిపెడతాయి. మంచినీటి రొయ్య మాత్రం గుడ్లను పొట్ట కింద అంటించుకొని, పిల్లలు వెలువడే వరకు మోస్తుంది. మాక్రోబ్రాకియం మగ రొయ్యకు రెండవ జత కాళ్లు పొడవైన గోళ్లతో బలంగా ఉంటాయి.

ఉప్పునీటికి తిరుగు ప్రయాణం

ఈ రొయ్యల పూర్వీకులు సముద్రం నుండి నదులలోనికి వచ్చినవే. ఆ పుట్టుక గుర్తు నేటికీ వీటి జీవితచక్రంలో నిలిచి ఉన్నది. నీలకంఠ రొయ్య మంచినీటిలో పెరిగి, గుడ్లతో నదీముఖానికి చేరుతుంది. గుడ్లు మొదట నారింజ రంగులో ఉండి, పొదిగే ముందు బూడిద రంగుకు మారుతాయి. వెలువడిన పిల్లలు కొంత ఉప్పు గల నీటిలోనే బ్రతుకుతాయి. అక్కడ పదకొండు దశలు దాటి, రొయ్య రూపు దాల్చిన తరువాత నదికి ఎదురీదుతాయి. మలేషియాలో షావో-వెన్ లింగ్ 1960వ దశకం ఆరంభంలో ఈ రహస్యాన్ని కనుగొన్న తరువాతనే హేచరీలలో విత్తనోత్పత్తి సాధ్యమైంది.

కొన్ని జాతులు కాలక్రమేణా సముద్రంతో సంబంధాన్ని పూర్తిగా తెంచుకున్నాయి. ఇవి తక్కువ సంఖ్యలో పెద్ద గుడ్లు పెడతాయి. ఆ గుడ్డులోని పోషకాలతోనే పిల్ల చాలా వరకు ఎదిగి వెలువడుతుంది. అందువలన అవి వాగులలో, చెరువులలోనే తరతరాలుగా జీవించగలవు. నీలకంఠ రొయ్యలో కూడా తూర్పు, పశ్చిమ శాఖలు రెండు చాలా కాలం క్రితమే వేరుపడినట్లు జన్యు పరిశోధనలు నిరూపించాయి. భారతదేశంలోనిది పశ్చిమ శాఖ.

మన జలాశయాలకు వర్తించే పాఠం

మంజీరా నది కందకుర్తి వద్ద గోదావరిలో కలుస్తుంది. అక్కడి నుండి సముద్రం వరకు ఉన్న దారిలో 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట, 1963లో శంకుస్థాపన జరిగిన శ్రీరాంసాగర్ వంటి కట్టడాలు ఉన్నాయి. సాగునీటికి ఇవి ప్రాణాధారమైనప్పటికీ, రొయ్య పిల్ల ఎదురీది వచ్చే మార్గం మూసుకుపోయింది. కనుక నిజాంసాగర్‌లోనో, పోచారంలోనో వదిలిన నీలకంఠ రొయ్య అక్కడ పెరుగుతుందే గాని సంతతిని నిలుపుకోలేదు. చేప పిల్లల ఉచిత పంపిణీ రాష్ట్రంలో 2016-17లో మొదలు కాగా, 2017-18 నుండి జలాశయాలలో రొయ్య పిల్లలను కూడా వదలడం ప్రారంభమైంది. ఒక ఏడాది విత్తనం వేయకపోతే మరుసటి ఏడాది వలకు రొయ్య దొరకదన్న విషయాన్ని సంఘాల సభ్యులు గుర్తించవలసి ఉన్నది.

విత్తనం నాణ్యత కూడా ముఖ్యమే. నెల్లూరు ప్రాంతంలో విస్తరించిన నీలకంఠ రొయ్యల సాగు తెల్లతోక వ్యాధి వలన, నాసిరకం విత్తనం వలన దెబ్బతిన్నది. 2009లో వనామికి అనుమతి లభించిన తరువాత రైతులు అటు మళ్లారు. తల్లి రొయ్యలో లక్షణాలు కనిపించకపోయినా వ్యాధి పిల్లలకు సంక్రమిస్తుంది. అందువలన పరీక్షించిన విత్తనాన్నే ఎంచుకోవాలి. భువనేశ్వర్‌లోని కేంద్ర మంచినీటి జలకృషి సంస్థ గుజరాత్, కేరళ, ఒడిశాలకు చెందిన రొయ్యల నుండి ‘సిఫా-జీఐ స్కాంపి’ అనే మేలు రకాన్ని రూపొందించింది.

పాటించవలసిన జాగ్రత్తలు

- జలాశయం అలుగు పారుతున్నప్పుడు పిల్లలను వదలరాదు. 2025 ఆగస్టు చివరి వారంలో కురిసిన కుండపోత వర్షాలకు పోచారం పొంగిపొర్లింది. అటువంటి ప్రవాహంలో పిల్లలు దిగువకు కొట్టుకుపోతాయి.
- ఎండ తగ్గిన వేళ, సంచిలోని నీటి వేడి జలాశయంలోని నీటితో సమానమైన తరువాతనే వదలాలి.
- గుల్ల విడిచిన సమయంలో రొయ్యలు మెత్తగా ఉండి తోటి రొయ్యలకే ఆహారమవుతాయి. కాబట్టి నీటి మొక్కలు, కొమ్మలు ఉన్న లోతు తక్కువ చోట్లను ఎంచుకోవాలి.
- వాలుగ, కొర్రమీను వంటి వేట చేపలు అధికంగా ఉన్న చెరువులలో పిల్లలు మిగలవు.
- 28 నుండి 31 డిగ్రీల వేడి గల నీరు పెరుగుదలకు అనుకూలం. చలికాలంలో ఎదుగుదల మందగిస్తుంది గనుక తొందరపడి పట్టరాదు.
- సన్నకన్ను వలలను, పురుగుమందులు చల్లి పట్టే పద్ధతిని పూర్తిగా మానుకోవాలి. పొలాలకు వాడే మందులు చేపలకన్నా రొయ్యలకే ఎక్కువ ప్రమాదకరం.

నది దారి మూసుకుపోయిన చోట రొయ్యను నిలబెట్టవలసిన బాధ్యత మనిషిదే. సకాలంలో మేలైన విత్తనం వదలి, అది ఎదిగేంత వరకు ఓపిక పట్టినట్లయితే కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రాంతాల మత్స్యకారుల శ్రమకు తగిన ఫలితం దక్కుతుంది.