నక్కవాగు నీళ్లు, జెనీవా మాటలు

రోగాల గురించి, మందుల గురించి దేశాలు బల్ల చుట్టూ కూర్చుని చేసే బేరసారాలకు ప్రపంచ ఆరోగ్య దౌత్యం అని పేరు. ఆ బల్ల మీదికి పటాన్‌చెరు మురుగునీళ్లు ఎప్పుడో చేరినయి. ఆ నీళ్ల పక్కన బతికే మనుషులు మాత్రం చేరలేదు. ఇదెట్లా జరిగిందో చూద్దాం.

1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం పారిశ్రామికవాడలయ్యాయి. 1970 పేటెంట్ చట్టంతో, పేటెంటున్న మందును వేరే పద్ధతిలో చౌకగా తయారుచేసే వీలొచ్చింది. ఆ మందులు ఇక్కడా, పేద దేశాల్లోనూ ఎందరినో బతికించాయి. దాన్ని మేం కాదనం. కానీ వ్యర్థాలను సరిగా శుద్ధి చేసే ఖర్చు కంపెనీ ఖాతాలో పడలేదు, నక్కవాగులో పడింది. ఆ వాగు పోయి మంజీరలో కలుస్తుంది. చిట్కుల్ లాంటి ఊళ్లకు వాగు చెడితే చెరువూ, బాయీ కూడా చెడ్డట్టే.

1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ ఎ. కిషన్‌రావు వంటివారు దశాబ్దాలు కొట్లాడారు. కేసు 2001లో హైకోర్టుకు, 2013లో హరిత ట్రిబ్యునల్‌కు మారి, 2017లో గానీ తేలలేదు. నడుమ కోర్టు ఆదేశాలతో రైతులకు కొంత పరిహారం ముట్టింది, ఎకరాల లెక్కన. మా ప్రశ్న ఇక్కడే. ఎకరం లేనోడి నష్టానికి లెక్కేది? పొలం పడావు పడితే నాటేసే మాదిగ, మాల కూలి తల్లికి పోయేది పని. ఆమె కాళ్లకు లేచిన పొక్కులకు సర్వే నంబరుండదు గదా!

1994లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం 'మానవ భద్రత' అనే మాటను ముందుకు తెచ్చింది. భద్రత అంటే సరిహద్దులూ తుపాకులే కాదు, తిండి, పని, ఆరోగ్యం, పరిసరాలు కూడా అంది. ఆ లెక్కన వాడ బాయి కూడా భద్రతా విషయమే. ఏ పాలకుడు అట్లా చూశాడు?

2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం ఒక పరిశోధన అచ్చేసింది. సుమారు 90 మందుల కంపెనీల మురుగు తీసుకునే పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నీళ్లలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని తేల్చింది. ఆ మందు మింగిన రోగి రక్తంలో కన్నా ఎక్కువ. అదీ శుద్ధి చేసి బయటికొదిలిన నీళ్లలో!

మందులకు లొంగని సూక్ష్మజీవి విమానమెక్కి తమ ఆసుపత్రికొస్తదన్న భయం లోకాన్ని కదిలించింది. జనం పొక్కులు అప్పటిదాకా కదిలించలేదు. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కార్యాచరణ ప్రణాళిక, 2016లో ఐక్యరాజ్యసమితి ప్రత్యేక సమావేశం వచ్చాయి. 2023 జూన్‌లో జి-20 ఆరోగ్య బృందం హైదరాబాద్‌లోనే కూర్చుంది. 2030 నాటికి ఈ మరణాలు 10 శాతం తగ్గాలని 2024 ప్రకటన అంది. ఫ్యాక్టరీ మురుగుకు మాత్రం తప్పక పాటించాల్సిన హద్దేదీ అది గీయలేదు. మన సర్కారు 2020 జనవరి ముసాయిదాలో యాంటీబయాటిక్ వ్యర్థాలకు హద్దులు రాసి, 2021 ఆగస్టు తుది నిబంధనల్లో వాటిని తీసేసింది.

లార్సన్ పరీక్షించిన ఆ కేంద్రం నీళ్లను తర్వాత పైపులైనుతో అంబర్‌పేట శుద్ధి కేంద్రం దిక్కు మళ్లించారు. అక్కణ్నించి మూసీలోకి. మూసీ ఒడ్డున ఆ తడిలో దిగి పశువుల గడ్డి కోసేది కూడా కూలీలే.