వంత పట్టినవాళ్ల పేర్లు

పీహెచ్‌డీ కోసం పాలమూరు పల్లెల్లో బుడిగ జంగాల కథలు రికార్డు చేసుకునే రోజుల్లో, నోటుపుస్తకంలో కథకుడి పేరు, ఊరు, వయసు రాసుకుని కింద ‘వంత: భార్య, వదిన’ అని వదిలేశాను. పేర్లు అడగాలని తోచలేదు. స్త్రీవాదం చదువుకున్నదాన్నే మరి!

ఈమధ్య ఆ రికార్డింగులు మళ్లీ విన్నాను. జంగం కథలో మగవాడి భుజాన తంబురా ఉంటుంది. సభల్లో కూర్చుని శ్రుతి పట్టే ఆ వాద్యం ఇక్కడ అతనితో పాటు అడుగులేస్తుంది. వేలి అందెలు తాళం వేస్తాయి. ఆడవాళ్లవి గుమ్మెటలు. ఒక మూతికి తోలు, రెండోది ఖాళీ. ఖాళీ మూతిని అరచేత్తో మూసి తెరిస్తే దాని గొంతు మారుతుంది. కథకుడు ఊపిరి తీసుకునేచోట చివరి అక్షరాన్ని వీళ్లు అందుకుని సాగదీస్తారు. ఒకరి ఊపిరి అయిపోకముందే రెండోవారు అందుకుంటారు. నాదం ఎక్కడా తెగదు. నా రాతప్రతిలో ఆ చోట్లన్నీ బ్రాకెట్లో ‘వంత’ అన్న ఒక్క మాటే.

ఒకే నాదాన్ని గంటల తరబడి నిలబెట్టడాన్ని పడమట డ్రోన్ సంగీతం అంటారు. 1960లలో న్యూయార్క్‌లో లా మాంట్ యంగ్ బృందం ఆ ప్రయోగాలు చేసింది. జాన్ కేల్ తన వయోలా బ్రిడ్జిని అరగదీసి, గిటార్ తీగలు బిగించి, కమానుతో అనేక తీగలను ఒకేసారి మోగించాడు. ఇది అందరూ రాస్తారు. ఆ నాదంలో గొంతు కలిపిన మరియన్ జజీలా, తర్వాత పండిత్ ప్రాణ్‌నాథ్ దగ్గర నేర్చుకుని తంబురా పట్టిన జజీలా, చాలాచోట్ల ‘యంగ్ భార్య’గానే మిగిలింది.

మన దగ్గర 1940లలో ప్రజానాట్యమండలి జంగం కథను బుర్రకథగా వేదికలెక్కించింది. వంతల్లో ఒకరిది రాజకీయం, ఒకరిది హాస్యం. ఎక్కువగా మగవాళ్లే. మోటూరి ఉదయం లాంటివారు స్త్రీల దళాలు కట్టారు గానీ, గుమ్మెట వాయించిన జంగం ఆడవాళ్లు ఆ వేదిక మీదికి రాలేదు. 2022లో కిన్నెర మొగులయ్యకు పద్మశ్రీ వచ్చింది. రావలసిందే. వంతకు ఏ పేరున ఇస్తారు?

కథకుడి ఇంటికి ఫోన్ చేశాను. వదిన పోయి రెండేళ్లయిందట. భార్య ఇద్దరి పేర్లూ చెప్పింది, ముందు ఆమెదే. అచ్చు వెయ్యొచ్చా అంటే, ‘‘పిల్లల్నడిగి చెప్త’’ అంది. కాసేపాగి, ‘‘మా యారాలి గొంతు ఉన్నదా అమ్మా మీ కాడ? ఒక్కపారి వినిపియ్యరాదు’’ అంది.