జాకీ పక్కన దిమ్మె

కారు టైరు పంచరైతే డిక్కీలోంచి ఒక ఇనుప పరికరం తీసి, చొక్కా చేతులు పైకి మడుచుకుని మగవాళ్ళు కిందామీదా పడతారే, ఆ జాకీని మీరు చూసే ఉంటారు. మరచుట్టుతో లేచే ఆ జాకీకి బలమైన అక్కగారొకావిడ ఉంది: నూనె జాకీ. ఆవిడ పుట్టింటి చరిత్ర ఒక వడ్రంగితో మొదలవుతుంది.

ఇంగ్లండులో యార్క్‌షైర్‌లో పుట్టిన జోసెఫ్ బ్రామా వడ్రంగం నేర్చి లండన్ చేరాడు. మరుగుదొడ్లు బాగుచేశాడు, దొంగలకు లొంగని తాళాలు చేశాడు, చివరికి 1795లో నీటి బలంతో నొక్కే ప్రెస్సుకు పేటెంటు తీసుకున్నాడు. సూత్రం మాత్రం ఆయన సొంతం కాదు. 1662లో కన్నుమూసిన ఫ్రెంచి మేధావి పాస్కల్ ద్రవాల గురించి రాసి పెట్టుకున్నది ఆ మరుసటి ఏడు అచ్చయింది. అప్పటినుంచి అది పుస్తకంలోనే కూర్చుంది!

సూత్రం మనకు అర్థం కానిదేమీ కాదు. మూసిన పాత్రలో నీటిని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా పాకుతుంది. సన్నని పిస్టన్ మీద ఒక కిలో పెడితే, దానికి 100 రెట్లు వైశాల్యమున్న లావు పిస్టన్ 100 కిలోలను మోస్తుంది. ఊరికే కాదు సుమండీ. లావుది ఒక్క అంగుళం లేవాలంటే సన్నది 100 అంగుళాలు దిగాలి. చీటీ కట్టినట్టే, చిన్న చిన్న వాయిదాలన్నీ కడితేగాని పెద్ద మొత్తం చేతికి రాదు. జాకీ పిడిని అన్నిసార్లు కొట్టేది అందుకే.

బ్రామాకు వచ్చిన చిక్కల్లా పిస్టన్ పక్కనుంచి నీళ్ళు కారిపోవడం. ఆయన దగ్గర పనిచేసిన హెన్రీ మాడ్స్‌లే అనే కుర్రవాడు తోలు పట్టీ అమర్చి ఆ చిక్కు విప్పాడంటారు. లోపల ఒత్తిడి పెరిగేకొద్దీ ఆ తోలే మరింత బిగుసుకుంటుంది. అయినా తోలు తోలే, ఇనుము ఇనుమే. ఏదో ఒకనాడు అవీ ఓడిపోతాయి.

అలా ఓడిపోయిన రోజొకటి ఉంది. వేల్స్‌లో బ్రిటానియా వంతెన కడుతున్నారు. ఒక్కొక్కటి 1,500 టన్నుల పైబడిన ఇనుప గొట్టాలను, రైలు లోపలినుంచే దూరి పోయేటంతటి వాటిని, నీటి ప్రెస్సులతో పైకెత్తాలి. ఇంజనీరు రాబర్ట్ స్టీఫెన్సన్ ఒక పట్టు పట్టాడు. గొట్టం లేచినకొద్దీ దాని కిందనే కట్టడం పేర్చుకుంటూ రావాలన్నాడు. చాదస్తమనుకున్న వాళ్ళూ ఉండే ఉంటారు. 1849 ఆగస్టులో ప్రెస్సు అడుగు ఊడిపోయింది. అంత గొట్టమూ కొద్ది అంగుళాలు మాత్రం దిగి, కింద పేర్చిన దాని మీద ఆగింది.

ఆ తరువాత కథ తొందరగా నడిచింది. 1851లో న్యూయార్కులో రిచర్డ్ డడ్జన్ చేత్తో మోసుకుపోగల నీటి జాకీకి పేటెంటు పొందాడు. 1925లో అమెరికాలోని మెంఫిస్ నగరవాసి పీటర్ లునాటి కారునే నిలువునా ఎత్తే లిఫ్టుకు పేటెంటు పొందాడు. క్షౌరశాలలో కుర్చీ పైకి లేవడం చూసి ఆయనకా ఆలోచన తట్టిందట! మన ఊళ్ళల్లో 'వాటర్ సర్వీసింగ్' బోర్డు వెనక ఒంటి స్తంభం మీద నిలబడే కార్లు ఆ సంతతివే.

ఇప్పుడది ఇళ్ళలోకీ వచ్చింది. పులివెందులలో మా మరిది తెప్పించాడు. రెండు పొడుగాటి ఇనుప చట్రాలు, నూనె గొట్టాలు, చిన్న మోటారు పంపు, అంతే. పని అయ్యాక గోడకు ఆనించి పెట్టుకోవచ్చు. తీరా చూస్తే షెడ్డులో పరిచినవి కడప బండలు. వంటింటి గట్టుకు వాటిని మించినవి లేవు గానీ, కింద ఇసుక జారి డొల్ల పడ్డచోట బరువు పెడితే పుటుక్కుమంటాయి. పైగా కడిగిన నీళ్ళు గేటు వైపు పోవాలని నేలకు వాటం పెట్టారు. 1,200 కిలోల కారు ఆ రెండు చట్రాల మీదే నిలబడాలాయె! బండలు పీకించి, మట్టంగా కాంక్రీటు పోయించాడు. అది పూర్తి బలానికి రావాలంటే 28 రోజులు పడుతుంది. ఆ ఎండల్లో, ఆ నీళ్ళ కటకటలో దాన్ని తడిపింది మాత్రం మా తోడికోడలు!

మొదట ఖాళీ చట్రాలనే నాలుగైదుసార్లు లేపి దించాడు. ఒకటి ముందు లేచింది, రెండోది వెనకబడింది. గొట్టంలో గాలి ఉందన్నమాట. నూనె అణగదు, గాలి దూదిలా అణిగిపోతుంది. గాలంతా పోయాక కారు ఎక్కించి లేపాడు. రెండు వైపులా ఇనుప గడియ టక్కుమని పడ్డాక, బరువు నూనె మీద కాకుండా గడియల మీద కూర్చునేలా కాస్త కిందికి దించాడు.

మా అత్త గడపలోనే నిలబడి, "కింద ఏం పెట్టినావురా?" అంది.

"గడియ పడిందిలేమ్మా, ఏం కాదు."

"బండికి కందెన పూసేటప్పుడు మీ నాయిన మొద్దు పెట్టందే తల దూర్చేవాడు కాదురా" అని, కట్టెల కొట్టంలోంచి రెండు వేప దిమ్మెలు దొర్లించుకొచ్చింది. మరిది నవ్వాడు. నవ్వుతూనే వాటిని చక్రాల కిందికి తోసి, అప్పుడు వెల్లకిలా పడుకుని లోపలికి జరిగాడు.