ఫోర్క్‌లిఫ్ట్ ఎంపిక

ఫోర్క్‌లిఫ్ట్ అనేది ముందుభాగంలో ఉండే రెండు ఉక్కు ఫోర్కులతో సరుకును కిందినుంచి ఎత్తి, కొద్ది దూరం మోసుకుపోయి, కావలసిన ఎత్తులో దించే వాహనం. కర్మాగారాలు, గోదాములు, రేవులు, శీతల గిడ్డంగులలో దీనిని విరివిగా వాడతారు. ఫోర్క్‌లిఫ్ట్‌ను ఎంచుకొనేటప్పుడు చాలామంది మొదట చూసేది అది ఎన్ని టన్నులు ఎత్తుతుందన్న సంఖ్యను. అయితే యంత్రం పలకపై ఉండే ఆ సంఖ్య కొన్ని నిర్ణీత పరిస్థితులకు మాత్రమే వర్తిస్తుంది. సరుకు ఆకారం, ఎత్తవలసిన ఎత్తు, దారి వెడల్పు, నేల గట్టిదనం, పని జరిగే చోట గాలిలో ఉండే ఆవిర్లు - ఇవన్నీ తెలిసిన తరువాతనే యంత్రం ఎంపిక సాధ్యమవుతుంది. ఆంధ్రప్రదేశ్‌లోని అనకాపల్లి జిల్లాలో బెల్లం మార్కెట్టు, ఔషధ కర్మాగారాలు, దుస్తుల పరిశ్రమ కొద్ది దూరాలలోనే ఉన్నాయి. ఒకచోట సరిపోయే యంత్రం మరొకచోట ఎందుకు పనికిరాదో తెలుసుకోవడానికి ఈ జిల్లా మంచి ఉదాహరణ.

చరిత్ర

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రంలో బుకానన్ పట్టణానికి చెందిన క్లార్క్ సంస్థ 1917లో తన కర్మాగారంలో సామగ్రిని తరలించుకోవడానికి ట్రక్‌ట్రాక్టర్ అనే బండిని తయారు చేసుకుంది. కర్మాగారాన్ని చూడవచ్చినవారు తమకూ అటువంటిది కావాలని అడగడంతో దానిని అమ్మకానికి తయారు చేయడం మొదలైంది. 1923లో యేల్ సంస్థ ఎత్తగలిగే ఫోర్కులు, నిలువు మాస్ట్ గల విద్యుత్ బండిని తెచ్చింది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో సైనిక సామగ్రిని ప్యాలెట్లపై పేర్చి తరలించే పద్ధతి బాగా వ్యాపించింది. ప్యాలెట్, ఫోర్క్‌లిఫ్ట్ రెండూ ఒకదానికొకటి తోడుగా ఎదిగాయి. భారతదేశంలో ఫోర్క్‌లిఫ్టులు తయారు చేసిన సంస్థలలో గోద్రెజ్ అండ్ బాయ్స్, వోల్టాస్ ముఖ్యమైనవి. వోల్టాస్ ఈ వ్యాపారాన్ని 2011లో జర్మనీకి చెందిన కియాన్ సంస్థతో కలిపింది.

పనిచేసే సూత్రం

ఫోర్క్‌లిఫ్ట్‌ను కావడితో పోల్చవచ్చు. కావడి మోసేవాని భుజం స్థానంలో ఇక్కడ ముందు చక్రాల ఇరుసు ఉంటుంది. ఇరుసుకు ముందు సరుకు, వెనుక ప్రతిభారంగా అమర్చిన ఇనుప దిమ్మ ఉంటాయి. సరుకు ఇరుసుకు ఎంత దూరంగా ఉంటే అంత ఎక్కువ బలంతో బండిని ముందుకు లాగుతుంది.

ఫోర్కుల నిలువు ముఖం నుంచి సరుకు గురుత్వ కేంద్రం వరకు ఉండే దూరాన్ని భార కేంద్రం అంటారు. 5 టన్నుల లోపు యంత్రాల సామర్థ్యాన్ని సాధారణంగా 500 మిల్లీమీటర్ల భార కేంద్రం వద్ద చెబుతారు. 5 నుంచి 10 టన్నుల యంత్రాలకు ఇది 600 మిల్లీమీటర్లు. కొనుగోలుదారులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. భారతదేశంలో విస్తృతంగా వాడే ఒక ప్యాలెట్ కొలత 1200 × 1000 మిల్లీమీటర్లు. ఫోర్కులు దాని 1200 మిల్లీమీటర్ల పొడవు వెంబడి దూరితే, సరుకు సమంగా పేర్చినప్పటికీ భార కేంద్రం 600 మిల్లీమీటర్లు అవుతుంది.

ఉదాహరణకు 2,000 కిలోల యంత్రంలో ముందు ఇరుసు నుంచి ఫోర్కుల ముఖం వరకు 400 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. 500 మిల్లీమీటర్ల భార కేంద్రం వద్ద సరుకు ఇరుసుకు 900 మిల్లీమీటర్ల దూరంలో ఉంటుంది. భార కేంద్రం 600 అయితే ఆ దూరం 1,000 అవుతుంది. అప్పుడు సామర్థ్యం 2,000 × 900 ÷ 1,000, అనగా 1,800 కిలోలు మాత్రమే. భార కేంద్రం 700 అయితే అది సుమారు 1,640 కిలోలకు దిగుతుంది. ఇది అంచనాకు పనికివచ్చే లెక్క మాత్రమే. వాస్తవ పరిమితిని తయారీదారు ఇచ్చిన పట్టిక నుంచే తీసుకోవాలి. సరుకును ఎక్కువ ఎత్తుకు లేపినప్పుడు, అదనపు పరికరాలు తగిలించినప్పుడు కూడా సామర్థ్యం తగ్గుతుంది.

బండి పక్కకు ఒరగకుండా నిలవడం మరొక విషయం. చాలా ఫోర్క్‌లిఫ్టులలో వెనుక ఇరుసు మధ్యలో ఒకే చోట కీలుపై ఆనుతుంది. అందువల్ల నాలుగు చక్రాలున్నా బండి నిలకడ ముందు రెండు చక్రాలు, వెనుక కీలు కలిపితే ఏర్పడే త్రిభుజంపై ఆధారపడుతుంది. గురుత్వ కేంద్రం ఆ త్రిభుజం దాటితే బండి బోల్తా పడుతుంది. సరుకును పైకి ఎత్తి ఉంచి వేగంగా మలుపు తిరగడం ప్రమాదకరం కావడానికి కారణం ఇదే.

రకాలు

* ప్రతిభార ఫోర్క్‌లిఫ్ట్: అన్నిటికంటే సాధారణమైన రకం. డీజిల్, ఎల్.పి.జి., సి.ఎన్.జి. లేదా బ్యాటరీతో నడుస్తుంది. ర్యాకుల మధ్య తిరగడానికి సుమారు 3.5 నుంచి 4 మీటర్ల దారి కావాలి.
* రీచ్ ట్రక్కు: మాస్ట్ ముందుకు జరిగి సరుకును అందుకొని వెనుకకు వస్తుంది. ఎత్తైన ర్యాకులకు అనువైనది. సుమారు 2.7 నుంచి 3 మీటర్ల దారి సరిపోతుంది. దీనికి సమతలమైన, గట్టి నేల కావాలి.
* స్టాకర్: నడిచి వెళ్తూ లేదా నిలబడి నడిపే చిన్న బ్యాటరీ యంత్రం. తక్కువ బరువులకు, చిన్న గోదాములకు చాలును.
* ప్యాలెట్ ట్రక్కు: సరుకును నేల నుంచి కొద్దిగా మాత్రమే లేపుతుంది. చేతితో లాగేవి సాధారణంగా 2 నుంచి 2.5 టన్నుల వరకు మోస్తాయి.
* గరుకు నేల ఫోర్క్‌లిఫ్ట్: పెద్ద గాలి టైర్లతో ఉండి నిర్మాణ స్థలాలలో, మట్టి నేలపై పనిచేస్తుంది.

ఎంపికలో చూడవలసిన అంశాలు

సరుకు: అన్నిటికంటే బరువైన సరుకునే కాక, అన్నిటికంటే పొడవైన సరుకును కూడా కొలవాలి. సరుకు ప్యాలెట్లపై లేకపోతే ఫోర్కులకు దూరే సందు ఉండదు. పీపాలు, కాగితపు చుట్టలు, టైర్లు వంటివాటికి ప్రత్యేక పట్టుకొమ్మలు ఉన్నాయి. వాటి బరువు కూడా సామర్థ్యం నుంచి తీసివేయాలి.

ఎత్తు: పై అర ఎత్తుతో పాటు ద్వారాలు, దూలాలు, దీపాల ఎత్తు కూడా చూడాలి. మామూలు 20 అడుగుల కంటైనర్ తలుపు ఎత్తు సుమారు 2.28 మీటర్లు. అందులోకి వెళ్ళి సరుకు పేర్చే యంత్రానికి మాస్ట్ పైకి సాగకుండానే ఫోర్కులు లేచే ఏర్పాటు ఉండాలి. లేనిచో రెండవ వరుస పేర్చేటప్పుడు మాస్ట్ కంటైనర్ కప్పుకు తగులుతుంది.

నేల: 3 టన్నుల డీజిల్ యంత్రం సొంత బరువు 4 టన్నులకు పైగా ఉంటుంది. పూర్తి బరువు ఎత్తినప్పుడు మొత్తం భారంలో ఎక్కువ భాగం, అనగా 6 టన్నులకు పైగా, ముందు ఇరుసుపైనే పడుతుంది. మేడపై గోదాము, కాలువ మూతలు, లారీ అడుగు పలకలు ఈ భారాన్ని ఓర్చుకోగలవో లేదో ముందే తేల్చుకోవాలి. బయటి నేలకు గాలి టైర్లు లేదా గట్టి రబ్బరు టైర్లు, లోపలి నున్నని నేలకు మరక పడని టైర్లు వాడతారు.

ఇంధనం: డీజిల్, ఎల్.పి.జి. యంత్రాలు కార్బన్ మోనాక్సైడును వదులుతాయి. కనుక మూసిన గదులలో వాటిని నడపరాదు. లెడ్-ఆసిడ్ బ్యాటరీని స్థూలంగా 8 గంటలు వాడి, 8 గంటలు ఛార్జి చేసి, 8 గంటలు చల్లారనివ్వాలని చెబుతారు. అందువల్ల రెండు మూడు షిఫ్టులు నడిచే చోట అదనపు బ్యాటరీలు కావాలి. ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. అది గాలిలో 4 శాతానికి చేరితే అంటుకోగలదు. కాబట్టి ఛార్జింగు గదికి గాలి ఆడాలి. లిథియం బ్యాటరీలు త్వరగా ఛార్జి అవుతాయి. కాని అవి తేలికైనవి. బ్యాటరీ బండిలో బ్యాటరీ బరువు కూడా ప్రతిభారంలో భాగమే. పాత బండిలో లిథియం బ్యాటరీ అమర్చితే తగ్గిన బరువును ఇనుముతో పూరించాలి.

విద్యుత్ సరఫరా: కోస్తా జిల్లాలలో తుఫానులను కూడా లెక్కలోకి తీసుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం వద్ద తీరం దాటినప్పుడు ఆ ప్రాంతంలో విద్యుత్తు రోజుల తరబడి నిలిచిపోయింది. బ్యాటరీ యంత్రాలపైనే ఆధారపడే సంస్థకు జనరేటరు వంటి ప్రత్యామ్నాయం అవసరం.

అనకాపల్లి జిల్లాలోని పని స్థలాలు

అనకాపల్లి జిల్లా 2022 ఏప్రిల్ 4న విశాఖపట్నం జిల్లా నుంచి విడివడి ఏర్పడింది. జాతీయ రహదారి 16 ఈ జిల్లాను విశాఖపట్నంతో కలుపుతుంది.

బెల్లం మార్కెట్టు: అనకాపల్లి పట్టణంలోని బెల్లం మార్కెట్టు దేశంలోని పెద్ద బెల్లం మార్కెట్లలో ఒకటి. బెల్లం ఇక్కడికి దిమ్మల రూపంలో వస్తుంది. విడి దిమ్మలను ఫోర్క్‌లిఫ్ట్ ఎత్తలేదు. వాటిని ముందుగా ప్యాలెట్‌పై పేర్చాలి, చివర మళ్ళీ దించాలి. అంటే చేతిపని పోదు, దాని చోటు మాత్రం మారుతుంది. దిమ్మలను నేరుగా బండి నుంచి యార్డుకు, యార్డు నుంచి లారీకి చేరవేసే చోట యంత్రం వల్ల కలిగే లాభం స్వల్పం. ప్యాలెట్లపై పేర్చి నెలల తరబడి నిల్వ ఉంచే గోదాములో మాత్రం లాభం కనిపిస్తుంది. బెల్లం తేమను పీల్చి కరుగుతుంది, పొగ వాసనను పట్టుకుంటుంది. కనుక అటువంటి గోదాముకు డీజిల్ యంత్రం తగదు. బ్యాటరీ స్టాకర్ మేలు. బెల్లం రాక చెరకు గానుగలాడే నెలలలోనే ఎక్కువ కాబట్టి యంత్రాన్ని కొనడం కంటే అద్దెకు తీసుకోవడం లాభదాయకం కావచ్చు. ఎగుమతి దిగుమతి పనులపై కళాసీల జీవనం ఆధారపడి ఉంటుంది. యంత్రం వచ్చాక వారికి ఏ పని మిగులుతుంది, ఎవరికి నడపడంలో శిక్షణ ఇస్తారు అన్నవి యంత్రం కొనకముందే తేలవలసిన విషయాలు.

ఔషధ కర్మాగారాలు: పరవాడలోని జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మా సిటీ, అచ్యుతాపురం ప్రత్యేక ఆర్థిక మండలి ఔషధ పరిశ్రమకు కేంద్రాలు. ఈ పరిశ్రమలో మిథనాల్, అసిటోన్, టోలీన్ వంటి ద్రావణులను 200 లీటర్ల పీపాలలో తరలిస్తారు. నాలుగు పీపాల ప్యాలెట్ బరువు సుమారు 700 నుంచి 900 కిలోలు. బరువును బట్టి చూస్తే ఒకటిన్నర టన్నుల మామూలు యంత్రం చాలుననిపిస్తుంది. కాని ఇక్కడ ఎంపికను నిర్ణయించేది బరువు కాదు, గాలిలోని ఆవిరి. 2024 ఆగష్టు 21న అచ్యుతాపురం మండలిలోని ఒక ఔషధ కర్మాగారంలో లీకైన ద్రావణి ఆవిరి పేలి 17 మంది మరణించారు. ఆ దుర్ఘటనకు ఫోర్క్‌లిఫ్ట్‌తో సంబంధం లేదు. అయితే ఆవిరి పోగైన చోట చిన్న నిప్పురవ్వ ఎంత నష్టం చేయగలదో అది తెలుపుతుంది.

మండే ఆవిరి ఎల్లప్పుడూ ఉండే చోటును జోన్ 0, మామూలు పనిలో ఏర్పడే అవకాశమున్న చోటును జోన్ 1, అరుదుగా, కొద్దిసేపు మాత్రమే ఉండే చోటును జోన్ 2 అని విభజిస్తారు. బ్యాటరీ బండికి పొగ లేదు గనుక అది సురక్షితమని భావించడం సరికాదు. మామూలు బ్యాటరీ బండిలోని స్విచ్‌లు, మోటార్లు నిప్పురవ్వలు పుట్టించగలవు. ఫోర్కులు నేలకు రాసుకున్నా రవ్వలు రావచ్చు. అందువల్ల ఆయా జోన్లకు ధ్రువీకరించిన, పేలుడు నిరోధక రక్షణ గల యంత్రాలనే వాడాలి. వీటి ఫోర్కులకు ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్టీలు తొడుగు ఉంటుంది. ప్రమాదకర ప్రాంతాలలో వాడే విద్యుత్ పరికరాల ఆమోదం నాగపూర్ కేంద్రంగా గల పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ పరిధిలోనిది. ధ్రువీకరించిన యంత్రం ఖరీదు మామూలు దాని కంటే చాలా ఎక్కువ. ద్రావణులను వేరే గదిలో ఉంచి, మామూలు యంత్రాలు ఆ గడప దాటకుండా కట్టడి చేస్తే ధ్రువీకరించిన యంత్రాల సంఖ్యను తగ్గించుకోవచ్చును.

దుస్తుల పరిశ్రమ: అచ్యుతాపురంలో బ్రాండిక్స్ ఇండియా అప్పారెల్ సిటీ ఉంది. దుస్తుల పెట్టెలు తేలికైనవి, కాని చోటు ఎక్కువగా ఆక్రమిస్తాయి. ఇటువంటి గోదాములో ముఖ్యమైనవి ఎత్తు, దారి వెడల్పు. ఇక్కడ రీచ్ ట్రక్కు అనువైనది. కంటైనర్ నింపే చోట పొట్టి మాస్ట్ గల చిన్న ప్రతిభార యంత్రం కావాలి. పొగ మసి గుడ్డకు అంటుతుంది కాబట్టి రెండూ బ్యాటరీవే అయి ఉండాలి.

భద్రత

అమెరికాలోని వృత్తి భద్రతా పరిశోధన సంస్థ 1980 నుంచి 1994 వరకు ఆ దేశంలో ఫోర్క్‌లిఫ్ట్ ప్రమాదాలలో మరణించిన 1,021 మంది కార్మికుల వివరాలను పరిశీలించింది. వారిలో 22 శాతం బండి బోల్తా పడడం వల్ల, 20 శాతం నడిచి వెళ్తూ బండి తగలడం వల్ల మరణించారు. కనుక నడిచేవారికి వేరుగా దారి గీయడం, మలుపుల వద్ద అద్దాలు ఉంచడం యంత్రం ఎంపికతో పాటే జరగాలి. బండి ఒరుగుతున్నప్పుడు దూకడానికి ప్రయత్నించిన చోదకుడు దాని కింద నలిగిపోయే అవకాశం ఎక్కువ. సీటు బెల్టు పెట్టుకొని లోపలే గట్టిగా పట్టుకొని ఉండాలి. సరుకుతో వాలు ఎక్కేటప్పుడు ముందుకు, దిగేటప్పుడు వెనుకకు నడపాలి. ఫోర్కులపై మనుషులను ఎక్కించరాదు.

కొనుగోలు, అద్దె

రోజుకు కొద్ది గంటలే పని ఉండే చోట వాడిన యంత్రం లేదా అద్దె యంత్రం సరిపోవచ్చును. వాడిన యంత్రాన్ని కొనేటప్పుడు ఫోర్కుల మడమ వద్ద అరుగుదలను, మాస్ట్ గొలుసుల సాగుదలను, నూనె కారడాన్ని పరిశీలించాలి. ఫోర్కు మందం 10 శాతం అరిగితే దాని బలం సుమారు 20 శాతం తగ్గుతుంది కాబట్టి అటువంటి ఫోర్కును మార్చివేయాలి. సామర్థ్యం తెలిపే పలక లేని యంత్రాన్ని పనిలో పెట్టరాదు. కొత్తదైనా పాతదైనా, తీసుకునే ముందు ఆ స్థలంలోనే, ఆ సరుకుతోనే ఒకరోజు నడిపి చూడడం మంచిది.

ఇవి కూడా చూడండి

* అనకాపల్లి
* బెల్లం
* క్రేను